సాంబ్రాణి వాసన వచ్చే కారు

ఈ ఉదయం ఒక పాత కారు బానెట్ కింద తల దూర్చి, తుప్పుపట్టి పట్టుకుపోయిన బోల్టును విప్పుతుంటే అది ఒక్కసారిగా వదిలింది. అలా వదిలేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. ఇనుము చేసే చప్పుడులా ఉండదది. ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరిని పళ్ళ సందుల్లోంచి వదిలినట్లు ఉంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతుంది. స్పానరు పక్కన పెట్టి కాసేపు ఊరికే నిలబడిపోతాను. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద నాకొక షెడ్డు ఉంది. కార్ల ఏసీలు బాగుచేయడం నా పని. నాతో పనిచేసేవాళ్ళు ఈ అలవాటు చూసి, నేను దేవుణ్ణి తలుచుకుంటున్నానని అనుకుంటారు. నేను తలుచుకునేది దానియేలు అన్నను. ఆయన పోయి కొంతకాలమైంది. ఆయన ఎలాంటివాడో చెప్పాలంటే, ఆయన మాట వినకుండా నేను చేసిన పని కూడా చెప్పాలి. రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

దానియేలు అన్న సొంతూరు పెనుకొండ పక్కన ఒక పల్లె. ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాడు. షెడ్డు మాత్రం హిందూపురంలో, పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక ఉండేది. గాలి ఇటు తిరిగినప్పుడు ఆ గూళ్ళ వాసన వచ్చి మా పనిముట్ల మీద కూర్చునేది. మనిషి సన్నగా, పొడుగ్గా, నూనె పెట్టి దువ్విన మీసంతో ఉండేవాడు. అణకువ గలవాడేం కాదు. తన పని గురించి తానే గొప్పలు చెప్పుకునేవాడు. తెల్లచొక్కా వేసుకుని కారు కిందికి దూరి, మరక పడకుండా బయటికి వచ్చి, ఆ చొక్కాను అందరికీ చూపించేవాడు. నేను ఆయన దగ్గరికి వచ్చేనాటికి ముప్పై దాటినవాణ్ణి, పెళ్ళయినవాణ్ణి. బెంగుళూరులో ఒక పెద్ద షోరూములో పనిచేస్తూ, అక్కడి సూపర్‌వైజరుతో గొడవపడి వచ్చేశాను. ఆ గొడవలో తప్పు నాదేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఎవరు చెప్పినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

“బెంగుళూరులో ఏం నేర్చినావప్పా?” అని అడిగాడు మొదటి రోజు.

“అన్నీ నేర్చినానన్నా.”

“అయితే ఈడ నీకు పనిల్యా. అన్నీ నేర్చినోనికి నేనేం జెప్పేది? టీ తాగి పో.”

టీ తాగాను, పోలేదు. ఆయన కూడా మళ్ళీ పొమ్మనలేదు.

పట్టుకుపోయిన బోల్టు దగ్గర ఆయన పద్ధతి వేరు. ముందు నూనె పోసేవాడు. చిన్న సుత్తితో దాని తల మీద మెల్లగా తట్టేవాడు, లోపల ఎవరో నిద్రపోతున్న ఇంటి తలుపు తట్టినట్లు. ఆ తర్వాత, విప్పాల్సిన వైపు కాకుండా, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పేవాడు. అది నాకు పిచ్చిగా అనిపించేది. మళ్ళీ నూనె పోసి, విప్పే వైపు అంతే కొంచెం తిప్పేవాడు. ఇంతలో దానితో మాట్లాడుతూ ఉండేవాడు. “ఎన్నేండ్లాయ నువ్వీడ కూసోని? రమ్మంటే యాడొస్తావులే. నిదానంగానే రా.”

“అది ఇనుమన్నా. ఆడకూతురు గాదు, బతిమాలేదానికి” అన్నాను ఒకసారి.

“ఆడకూతురితో నువ్వెట్ల మాట్లాడతావో మీ యింటికొచ్చినప్పుడు విన్నాలే. బోల్టుకైనా మర్యాద ఇయ్యి.”

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. నా భార్య అదే మాటను ఇంకో రకంగా అనేది, నేను మాట్లాడితే తలుపు తన్నినట్లు ఉంటుందని. ఏదైనా నా చేతికి లొంగకపోతే నాకు ఒళ్ళు మండేది. బోల్టయినా, మనిషయినా ఒకటే. లొంగేదాకా బలం పెంచుకుంటూ పోవడం తప్ప నాకు వేరే దారి తెలియదు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. హైవే మీద ప్రమాదంలో మనుషులు పోయిన కార్లు అప్పుడప్పుడు మా దగ్గరికి వచ్చేవి. చావు జరిగిన ఇంటి కార్లు వచ్చేవి. అటువంటి కారు షెడ్డులోకి రాగానే ఆయన ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. నాలుగు తలుపులూ బార్లా తెరిచిపెట్టి, దూరంగా బెంచీ మీద కూర్చుని టీ తాగేవాడు. గ్లాసు ఖాళీ అయ్యాకే లేచేవాడు. “దిగేవాళ్ళుంటే దిగిపోనీ” అనేవాడు మెల్లగా, మా పాస్టరుకు మాత్రం చెప్పొద్దు అని కూడా అనేవాడు. ఎండలో నాలుగు తలుపులు తెరుచుకుని నిలబడిన ఆ కారును చూస్తే, గాలి లేకపోయినా ఒక తలుపు కొంచెం కదిలినట్లు ఉండేది. కదిలిందా అని పక్కవాణ్ణి అడగాలంటే నోరు రాదు.

నాగభూషణం శెట్టిగారు వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఆయనది. ఆరుపదుల వయసు, తెల్లటి పంచె, చేతిలో కారు తాళం. తాళాన్ని వెంటనే ఇవ్వలేదు. మాట్లాడుతున్నంతసేపూ గుప్పిట్లోనే పెట్టుకున్నాడు.

“ఏమి శెట్టిగారూ, చల్లదనం తగ్గిందా?” అన్నాడు దానియేలు అన్న.

“అంతటా బాగనే ఉండాది మేస్త్రీ. పెనుకొండ ఎక్కుడు కాడికొచ్చేసరికి ఆగిపోతాది. కొండ దాటినాక మళ్ళా వస్తాది.”

“ఆగినప్పుడు ఏమన్నా సద్దు వస్తాదా?”

శెట్టిగారు నావైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “సద్దు రాదు. సాంబ్రాణి వాసన వస్తాది. మా యింటామె వాసన.”

అప్పుడు చెప్పాడు. భార్య విజయలక్ష్మమ్మ చాలాకాలం జబ్బుపడి ఉండి, బెంగుళూరుకు వైద్యానికి తీసుకుపోతుండగా ఆ కారులోనే పోయింది. ఆమె బతికి ఉన్నప్పుడు ప్రతి శుక్రవారమూ కారు కడిగించి, పసుపు కుంకుమ పెట్టి, అద్దాలన్నీ ఎత్తి, ఏసీ వేయించి, లోపల సాంబ్రాణి పొగ పెట్టేదట. ఏసీ వేస్తే పొగ సందుసందుకూ పోతుందని ఆమె నమ్మకం. ధర్మవరం అంగళ్ళవాళ్ళ కార్లలో చాలావాటికి ఈ పొగ పడుతుంది. ఆ మసి లోపలికి పోయి, డ్యాష్‌బోర్డు వెనక డబ్బాలో ఉండే కూలింగ్ కాయిల్‌కు పట్టుకుంటుంది. అందుకే దానియేలు అన్న “ధర్మవరం కార్లకు దగ్గెక్కువ” అని నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

“మా పాప కాన్పుకొచ్చిండాది. పసిబిడ్డను ఎండలో తిప్పాల్సొస్తాంది, చల్లదనం గావాల. అయితే ఆ వాసన పోకూడదు. ఇల్లంతా కడిగినారు, బీరువాలో చీరలు పంచినారు. నాకు మిగిలింది ఈ కారే. షోరూము వాళ్ళు డబ్బా ఇప్పి కడగాలంటారు. నువ్వు కడగకుండా జేస్తావా?”

“డబ్బా తెరవను శెట్టిగారూ. మాటిస్తాండా” అన్నాడు దానియేలు అన్న. అప్పుడు తాళం ఆయన చేతికి వచ్చింది.

శెట్టిగారు బస్సుకు వెళ్ళిపోయాక నేను అలవాటు ప్రకారం తలుపులు తెరవబోయాను. ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు. “ఈ కారుకొద్దు. మూసే ఉండనీ.”

ఆ మధ్యాహ్నమే కారును పెనుకొండ వైపు తీసుకుపోయాం. ఆయన నడుపుతున్నాడు, నేను పక్కన. దారంతా చల్లగా గాలి వచ్చింది. పెనుకొండ దగ్గర కొండను చుట్టి రోడ్డు పైకి లేచే చోట, శెట్టిగారు చెప్పినట్లే, చల్లదనం ఆగిపోయింది. గాలి వస్తోంది, కానీ గోరువెచ్చగా. దానియేలు అన్న స్టీరింగు మీద వేళ్ళు బిగించాడు. ఆయన ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడటం చూశాను.

“వచ్చింది” అన్నాడు.

నాకు తడిగుడ్డ వాసన తప్ప ఏమీ రాలేదు. ఆ మాటే చెప్పి, నవ్వుతూ లెక్క చెప్పాను: గ్యాసు తక్కువైంది, ఎక్కుడులో ఇంజను వేడెక్కి కంప్రెసర్ ఆగుతోంది, చల్లటి డబ్బా వెచ్చబడగానే దానికి పట్టిన మసి వాసన వదులుతోంది. “అంతే గదన్నా?”

“అంతే. లెక్క సరిగ్గా చెప్పినావు. ఇంతకన్నా పెద్ద ఎక్కుడు వెనక దాటొచ్చినాం గదా. ఆడ యాలప్పా ఆగల్యా?”

కొండ దాటగానే చల్లదనం తిరిగి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆయన, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్లు, గుంతల దగ్గర కారును చాలా నెమ్మదిగా దించుతూ వచ్చాడు.

గ్యాసు ఎక్కడ కారుతోందో సబ్బునీళ్ళు పూసి కనిపెట్టాం. ఇంజనుకూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ దగ్గర రెండు పైపులు కూలింగ్ కాయిల్‌తో కలుస్తాయి. ఆ అతుకులో ఉండే రబ్బరు రింగు ఎండిపోయింది. రింగు మారిస్తే చాలు, డబ్బా ముట్టుకోనక్కరలేదు. అతుకును పట్టి ఉంచేది ఒకే ఒక బోల్టు. అది కదల్లేదు. అల్యూమినియంలో ఇనుప బోల్టు ఏళ్ళ తరబడి కూర్చుంటే రెండూ ఒకదాన్నొకటి తిని ఒకటైపోతాయి. మంట పెట్టడానికి లేదు, లోపల ఇంకా గ్యాసు ఉంది. మంట తగిలితే అది విషమవుతుంది. దానియేలు అన్న నూనె పోశాడు, తట్టాడు, బిగించే వైపు తిప్పి చూశాడు. చివరికి తల పంకించి, “ఇది ఇప్పుడే రాదు. రేపో ఎల్లుండో, దానికి మనసైనప్పుడు వస్తాది” అన్నాడు.

మరుసటి పొద్దున ఆయనకు ఫోను వచ్చింది. బత్తలపల్లి దగ్గర వాళ్ళ చిన్నాయన పోయాడట. “భూస్థాపనకు పోయొస్తా. నూనె మాత్రం పోస్తాండు. స్పానరు పెట్టొద్దు సుధాకరా” అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ రోజు శెట్టిగారు ఫోను చేసి, బిడ్డను ఆసుపత్రికి చూపించడానికి పుట్టపర్తికి తీసుకుపోవాలి, కారు ఎప్పుడిస్తారు అని అడిగాడు. నేను దాన్ని సాకుగా పట్టుకున్నాను. నిజానికి ఆయన తొందరపెట్టలేదు. దానియేలు అన్న తిరిగి వచ్చేసరికి పని అయిపోయి ఉండాలి, ఆయన పద్ధతి లేకుండా అయిపోయి ఉండాలి. అది నా కోరిక. స్పానరుకు పొడుగాటి పైపు తగిలించి, గోడకు పాదం ఆనించినట్లు బంపరుకు పాదం ఆనించి, ఒళ్ళంతా వేసి లాగాను. కదిలింది. ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. గెలిచాననుకున్నాను. చూస్తే కదిలింది బోల్టు మర కాదు. బోల్టుతోపాటు కాయిల్ పైపు మెడ కూడా తిరిగి చీలిపోయింది. మిగిలిన గ్యాసు చల్లగా నా మణికట్టు మీదికి ఊది ఆగిపోయింది. తలెత్తి అద్దంలోంచి కారు లోపలికి చూశాను. ముందు అద్దానికి లోపలి వైపున, ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్లు, చిన్న మసక. చూస్తుండగానే పోయింది. కాయిల్ ఒక్కసారిగా చల్లబడితే అలా జరగవచ్చు. అప్పుడు నాకు నేను అదే చెప్పుకున్నాను.

అక్కడ ఆపి ఉండవచ్చు. కాయిల్ పనికిరాదు, అయినా డబ్బా మూసే ఉంది. దానియేలు అన్న వచ్చేదాకా ఆగి ఉంటే ఆయన ఏదో ఒకటి ఆలోచించేవాడు. నేను ఆగలేదు. తప్పు కనబడకుండా పోవాలంటే పని పూర్తవ్వాలనిపించింది. డ్యాష్‌బోర్డు విప్పాను, డబ్బా తెరిచాను, ఊరి బజారులోంచి కొత్త కాయిల్ తెప్పించాను. పాత కాయిల్ నల్లగా, జిడ్డుగా ఉంది. డబ్బాను సబ్బుతో, మందుతో, బ్రష్షుతో తోమి కడిగాను. పాత కాయిల్‌ను కూడా ఎందుకో కడిగేశాను. నల్లటి నీళ్ళు షెడ్డు ముందున్న కాలువలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. నీళ్ళ మీద ఒక పొడుగాటి వెంట్రుక మెలికలు తిరుగుతూ తేలుతూ పోయింది. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. ఆ సంగతి రాయడమే నాకు ఇక్కడ అన్నిటికంటే కష్టంగా ఉంది.

మర్నాడు దానియేలు అన్న వచ్చాడు. నేను చెప్పకముందే కారులో ఎక్కి తలుపు వేసుకుని ఏసీ వేశాడు. అద్దంలోంచి ఆయన ముఖం కనబడుతోంది. కళ్ళు మూసుకుని, తల కొంచెం వంచి, చాలాసేపు కూర్చున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. దిగి, నాలుగు తలుపులూ ఒక్కొక్కటిగా తెరిచాడు. పోయి బెంచీ మీద కూర్చున్నాడు. టీ తెప్పించుకోలేదు.

నేను ఆయన దగ్గరికి పోయాను. “శెట్టిగారికి చెప్పాల్సిన పనిల్యా అన్నా. సాంబ్రాణి తెచ్చి, అద్దాలెత్తి, ఏసీ వేసి పొగ పెడదాం. ఒక పూటలో పట్టేస్తాది. వాసన వాసనే గదా.”

ఆయన నావైపు తిరిగాడు. కోపం లేదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్లు చూశాడు.

“ఆమెను మనం తయారు జేస్తామా, సుధాకరా?”

శెట్టిగారు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. దానియేలు అన్న ఎదురుపోయి, చేతులు కట్టుకుని చెప్పాడు. “బోల్టు రాల్యా. పైపు ఇరిగింది. డబ్బా తెరిచి కడిగినాం. మాట తప్పినా శెట్టిగారూ.” చేసింది నేనని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎవరో అడిగితే చెబుదామని నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.

శెట్టిగారు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, జ్వరం ఉందా అని చూసినట్లు కొంచెంసేపు అలాగే ఉంచాడు. “పెనుకొండ దాకా పోదాం రా మేస్త్రీ” అన్నాడు. తర్వాత నావైపు చూసి, “నువ్వూ రాప్పా” అన్నాడు.

ఆయన నడుపుతున్నాడు. దానియేలు అన్న ఆయన పక్కన, నేను వెనక, డ్రైవరు సీటు వెనక కూర్చున్నాను. నా ఎడమ పక్క సీటు ఖాళీ. కొత్త కాయిల్ గాలి శుభ్రంగా, కొత్త ప్లాస్టిక్ వాసనతో, గడ్డకట్టేంత చల్లగా వస్తోంది. కొండ కనబడింది. రోడ్డు పైకి లేచింది. చల్లదనం ఆగలేదు. శెట్టిగారు వేగం తగ్గించాడు, ఇంకా తగ్గించాడు, నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా.

“ఈడ అనింది” అన్నాడు, రోడ్డునే చూస్తూ. “వెనక సీట్లో పండుకోనిండె. ‘చలేస్తాంది, కొంచెం తగ్గించు’ అనింది. బయట మంటలు. నాకు చెమట కారతాంది. ‘కొండ దాటినాక తగ్గిస్తాలే’ అన్నా. దాటినాక తగ్గించి, ఇప్పుడు సరిపాయనా అని అడిగినా. పలకల్యా. నిద్రపోయిందిలే అనుకోని సోమందేపల్లి దాకా పోయినా.”

శెట్టిగారు చెయ్యి చాపి, ఏసీ నాబును మెల్లగా చివరిదాకా తగ్గించాడు. గాలి సన్నగిల్లింది.

అప్పుడు వచ్చింది. ముందు నుంచి కాదు. ఏసీ గాలి వచ్చే జాలీల నుంచి కాదు. నా ఎడమ పక్క నుంచి. సాంబ్రాణి ఒక్కటే కాదు. పసుపు, వాడిన పూలు, మందుల సీసా, ఉతికి ఎండబెట్టిన నూలు చీర. దానితోపాటు వెచ్చదనం. ఒక మనిషి అప్పుడే లేచిపోయిన చోట చెయ్యి పెడితే తెలుస్తుందే, అలాంటి వెచ్చదనం నా మోచేతి దాకా వచ్చింది. తల తిప్పలేకపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సీటు గుడ్డలో ఏళ్ళ పొగ మిగిలి ఉండవచ్చు, నా భయం దానికి కలిసి ఉండవచ్చు. కావచ్చు. అప్పుడు మాత్రం నా పక్కన ఎవరో ఉన్నారు.

“వస్తాందా మేస్త్రీ?” అని అడిగాడు శెట్టిగారు.

“రాల్యా శెట్టిగారూ. మీకు అబద్ధం జెప్పను.”

“నీకప్పా?”

నోరు తెరిచాను. అదే పొద్దున సాంబ్రాణి పొగ పెడదామన్నది నేనే. ఇప్పుడు వచ్చిందని చెబితే దానియేలు అన్న ఏమనుకుంటాడు? ఆయన కన్నుగప్పి సీటు కింద ఏదో పెట్టాననుకుంటాడు. శెట్టిగారి ముందే సీటు ఎత్తి వెతుకుతాడు. ఆ మోసం నేను చేయకపోయినా, చేద్దామన్న మాట నా నిజానికి అడ్డం నిలబడింది.

“లేదు శెట్టిగారూ” అన్నాను.

ఆయన తల ఊపాడు. కొండ దాటేసరికి వాసన లేదు, వెచ్చదనం లేదు. పెనుకొండ బస్టాండు దగ్గర మమ్మల్ని దింపి, ఇంకేమీ అనకుండా ధర్మవరం వైపు వెళ్ళిపోయాడు.

హిందూపురం బస్సులో దానియేలు అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటాక, బయటికి చూస్తూనే అన్నాడు. “నీకొచ్చింది గదా.”

నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని కిందికి చూశాను.

“ముందరి అద్దంలో నీ మొగం జూసినా. చెప్పకపోతివే?”

“చెప్తే నువ్వు నమ్మవన్నా. పొద్దున నేనన్న మాటకు, పొగ పెట్టినాననుకుంటావు.”

“అనుకుంటా” అన్నాడు. కొంచెం ఆగి, “నేననుకుంటే ఏమాయ? అడిగింది నేనా?” అన్నాడు.

ఆ మాట తర్వాత ఆయన ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను పనిలోంచి తీసేయలేదు. పైపు ఎవరు విరిచారో నలుగురిలో చెప్పలేదు. ఒక్కటి చేశాడు. అప్పటి నుంచి షెడ్డుకు వచ్చిన కార్లలో పట్టుకుపోయిన బోల్టు ఏది ఉన్నా నా చేతికే ఇచ్చేవాడు. తాను దూరంగా బెంచీ మీద కూర్చునేవాడు. నేను నూనె పోసి, తట్టి, బిగించే వైపు తిప్పి, విసుగు వచ్చి, విసుగు పోయి, మళ్ళీ తిప్పేదాకా చూస్తూ ఉండేవాడు. “తొందరేం ల్యా, నీకు యాడ పెండ్లి ఉండాది?” అని మాత్రం ఎప్పుడైనా అనేవాడు. ఎన్నో బోల్టులు విప్పాక, ఒకరోజు ఇంట్లో నా భార్య నాతో మాట్లాడుతూ మధ్యలో ఆగి, “ఏంది, ఈమధ్య పూర్తిగా వింటాండావు?” అంది. ఆ సంగతి ఆయనకు చెప్పాను. మీసం దువ్వుకుని, అదంతా తన గొప్పే అన్నట్లు కూర్చున్నాడు.

శెట్టిగారికి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ధర్మవరం పోయే పనులు పడ్డాయి. రెండుసార్లు ఆయన అంగడి ముందు దాకా పోయాను. లోపల ఆయన కొనేవాళ్ళకు చీరలు విప్పి చూపిస్తుంటే, ఇప్పుడు కాదులే అనుకుని తిరిగి వచ్చాను. రోజులు గడిచేకొద్దీ ఆ మాట నాలో ఆ బోల్టులాగే కూర్చుంది. దానియేలు అన్న ఊపిరితిత్తుల జబ్బుతో కొన్నాళ్ళు మంచంలో ఉండి చనిపోయాడు. ఆయన పల్లెలో మట్టి వేసి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా పెనుకొండకు వచ్చి, హిందూపురం బస్సు కాకుండా ధర్మవరం బస్సు ఎక్కాను.

శెట్టిగారు ముసలివాడయ్యాడు. గల్లాపెట్టె దగ్గర ఇప్పుడు అల్లుడు కూర్చుంటున్నాడు. శెట్టిగారు లోపల మెత్త మీద కూర్చుని, ఎవరో చూసి వదిలేసిన చీరలను మడతపెడుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. కూర్చోమన్నాడు. పైపు విరిచింది దానియేలు అన్న కాదు, నేనని చెప్పాను. “తెల్సప్పా. ఆయన మొగం అబద్ధం జెప్పినప్పుడు తెలిసిపోతాది” అన్నాడు. తర్వాత రెండో మాట చెప్పాను. ఆ రోజు నాకు వాసన వచ్చిందని, నన్ను అడిగితే లేదన్నానని, ఎందుకన్నానో కూడా.

ఆయన చేతులు చీర మీద ఆగిపోయాయి. నమ్మాడో లేదో ముఖంలో కనబడలేదు.

“ఏ పక్క?”

“నా ఎడం పక్క శెట్టిగారూ.”

“తల ఆ పక్కనే పెట్టుకోనిండె.” ఆయన వేళ్ళు జరీ అంచును రెండుసార్లు నిమిరాయి. తర్వాత, పక్కగదిలో ఉన్న మనిషి గురించి అడిగినట్లు, చాలా మామూలుగా అడిగాడు. “ఇంకా చలేస్తాంది అనిందా?”

ఆ రోజు నా మోచేతికి తగిలింది ఏమిటో, దానికేమీ కలపకుండా, దాన్నుంచి ఏమీ తీసేయకుండా, మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకున్నాను.

“లేదు శెట్టిగారూ. మీరు తగ్గించినారు గదా. ఆడ ఎచ్చగా ఉండె.”

ఆయన తల వంచుకున్నాడు. చీర మడత పూర్తిచేసి, పక్కన ఉన్న దొంతర మీద పెట్టి, దాన్ని అరచేత్తో ఒకసారి అదిమాడు. చాలాసేపటికి లోపలికి కేకవేసి, నాకు కాఫీ తెమ్మన్నాడు.

నాకు తగిలింది ఏమిటో ఇప్పటికీ తెలియదు. తెలిసింది చెప్పడానికి ఎదుటివాడు నమ్ముతాడా లేదా అని చూసుకోకూడదన్నది మాత్రం దానియేలు అన్న వల్ల తెలిసింది. తెలిసినా బస్సెక్కడానికి ఆయన చనిపోవాల్సి వచ్చింది. నేను ఆ ఒక్క మాటను నాలోనే ఉంచుకున్న ఆ సంవత్సరాలన్నీ, ధర్మవరంలో ఒక ముసలాయన తన భార్యకు ఇంకా చలేస్తోందనే అనుకుంటూ బతికాడు.